దొరికాక చెప్పిన నిజానికి విలువెంత?

ప్రశ్న: కాలేజీ రోజుల నుంచి నేను లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్ అభిమానిని. క్యాన్సర్ నుంచి బయటపడి వరసగా ఏడుసార్లు టూర్ డి ఫ్రాన్స్ సైకిల్ పోటీ గెలిచిన మనిషిని దేవుడిలా చూశాను. మా అక్కకి క్యాన్సర్ చికిత్స జరుగుతున్న రోజుల్లో ఆయన కథ చెప్పి ధైర్యం ఇచ్చాను. ఆయన క్యాన్సర్ ఫౌండేషన్ వాళ్ళ పసుపు రబ్బరు బ్యాండ్ తెప్పించి ఆమె చేతికి నేనే తొడిగాను. తర్వాత జరిగింది అందరికీ తెలిసిందే, నిషేధించిన మందులు వాడి గెలిచాడని తేలింది. 2013లో అమెరికా టీవీ వ్యాఖ్యాత ఓప్రా విన్‌ఫ్రేకి ఆయన ఇచ్చిన ఇంటర్వ్యూని ఈమధ్యే మొదటిసారి పూర్తిగా చూశాను. కాసేపు జాలేసింది, కాసేపు ఒళ్ళు మండింది. అక్కేమో "తప్పు ఒప్పుకున్నాడు కదరా, ఇంకా ఏం కావాలి నీకు?" అంటుంది. ఆ బ్యాండ్ ఇంకా దాచుకుంది. అది కంటపడితే చాలు, నాకు కోపం వస్తుంది. ఆ క్షమాపణ మనస్ఫూర్తిగా చెప్పిందేనా? అక్కకి ఎలా నచ్చజెప్పాలి? నేను మళ్ళీ ఆ ఆట చూడగలనా? – ఒక పాత అభిమాని

సమాధానం: మనస్ఫూర్తిగా చెప్పాడా లేదా అన్నది ముఖం చూసి తేల్చాలనుకుంటే, ఆ ఇంటర్వ్యూ ఇంకో పదిసార్లు చూసినా మీరు ఇప్పుడున్న చోటే ఉంటారు. కాసేపు జాలి, కాసేపు మంట. కన్నీళ్ళని సాక్ష్యంగా పట్టుకుంటే ఏమవుతుందో క్రీడాలోకం మనకి చాలాసార్లు చూపించింది.

2007 అక్టోబరులో, మందులు వాడి దొరికిన అమెరికా పరుగుల క్రీడాకారిణి మేరియన్ జోన్స్ న్యూయార్క్ రాష్ట్రంలోని ఒక కోర్టు బయట నిలబడి, మాట పెగలక ఏడుస్తూ, మీ నమ్మకాన్ని వమ్ము చేశానని దేశానికి క్షమాపణ చెప్పింది. సిడ్నీ ఒలింపిక్స్‌లో గెలిచిన ఐదు పతకాలూ వదులుకుంది, తర్వాత జైలుకీ వెళ్ళింది. అంత ఏడ్చిన మనిషి కూడా ఒక చిన్న తలుపు తెరిచే ఉంచుకుంది. తను తీసుకుంటున్నది అవిసె నూనె అని కోచ్ చెబితే నమ్మానని, అసలు సంగతి తర్వాతే తెలిసిందని. 2018 మార్చిలో సిడ్నీ విమానాశ్రయంలో ఆస్ట్రేలియా క్రికెటర్ స్టీవ్ స్మిత్ ఏడుస్తుంటే వెనకాల నిలబడ్డ తండ్రి భుజం మీద చెయ్యి వేశాడు. అది నటన అని నాకు ఏ కోశానా అనిపించలేదు. కానీ అంతకు కొద్ది రోజుల ముందు కేప్‌టౌన్‌లో ఇదే స్మిత్ పక్కన కూర్చుని జట్టు సహచరుడు బాన్‌క్రాఫ్ట్ తప్పు ఒప్పుకుంటూ, బంతిని గీకడానికి వాడింది పసుపు టేపు అన్నాడు. విచారణలో అది శాండ్‌పేపర్ అని తేలింది. అంటే ఆ మొదటి ఒప్పుకోలులోనే ఒక అబద్ధం దాక్కుని ఉంది. ఏడుపు నిజమే కావచ్చు, దాంతోపాటు చెప్పే మాట నిజం కాకపోవచ్చు.

ఆర్మ్‌స్ట్రాంగ్ విషయంలో మనకి ఆ ఇబ్బంది పెద్దగా లేదు. ఆయన ఏడవలేదు. రెండో రోజు ప్రసారంలో, తండ్రిని వెనకేసుకొస్తూ తోటి పిల్లలతో వాదిస్తున్న పదమూడేళ్ళ కొడుకుని కూర్చోబెట్టి "ఇక నన్ను సమర్థించొద్దు" అని చెప్పాల్సివచ్చిన సంగతి దగ్గర మాత్రం గొంతు పూడుకుపోయింది. మీకు జాలేసింది కూడా అక్కడే అనుకుంటాను. ఎవరికైనా వేస్తుంది. అందుకని కన్నీళ్ళ సంగతి పక్కన పెట్టి, ఆయన ఏం చెప్పాడో, ఏం చెప్పలేదో, ఎవరికి చెప్పాడో చూద్దాం. మనిషి మనసు కొలిచే పరికరం నా దగ్గర లేదు గానీ, ఈ మూడూ ఎవరైనా చూడగలిగినవే.

చెప్పినవి ముందు. అవునో కాదో చెప్పమంటూ ఓప్రా వరసగా అడిగింది. నిషేధించిన మందులు వాడారా? అవును. వాటిలో ఈపీఓ ఉందా? అవును. రక్తం ఎక్కించుకున్నారా? అవును. టెస్టోస్టిరాన్, కార్టిజోన్, గ్రోత్ హార్మోన్? అవును. ఏడు టూర్లలోనూ? అవును. ఇది చిన్న విషయం కాదు, ఆ మాత్రం ఒప్పుకుని తీరాలి. ఈపీఓ అంటే రక్తంలో ఎర్రకణాలు పెంచే హార్మోన్. కొండదారిలో కాళ్ళకి ప్రాణవాయువు ఎక్కువ అందుతుంది, పక్కవాడు అలిసిపోయిన చోట మీరు అలిసిపోరు. రక్తం ఎక్కించుకోవడం అంటే తన రక్తాన్నే ముందుగా తీయించి, చల్లగా దాచి, పోటీ మధ్యలో తిరిగి ఒంట్లోకి పంపుకోవడం. ఇదంతా పదేళ్ళకి పైగా కోర్టుల్లో, టీవీల్లో, పుస్తకాల్లో కాదని చెప్పి, చివరికి అందరూ చూస్తుండగా ఐదుసార్లు "అవును" అన్నాడు. మేరియన్ జోన్స్‌లా తలుపు సందు వదల్లేదు. అసలు అవి లేకుండా వరసగా ఏడుసార్లు గెలవడం సాధ్యమా అంటే, నా ఉద్దేశంలో కాదు అన్నాడు. ఇక్కడిదాకా మీ అక్క గారి మాటే నెగ్గుతుంది.

కానీ ఎప్పుడు చెప్పాడో చూడండి. అమెరికా డోపింగ్ నిరోధక సంస్థ యుసాడా 2012 ఆగస్టులో జీవితకాల నిషేధం విధించింది. అక్టోబరులో వెయ్యి పేజీలు దాటిన ఆధారాలు బయటపెట్టింది. ఆయనతో కలిసి తొక్కిన పదకొండు మంది పాత సహచరులు సాక్ష్యం చెప్పారు. వారం తిరిగేసరికి నైకీ వదిలేసింది, తను పెట్టిన క్యాన్సర్ ఫౌండేషన్ అధ్యక్ష పదవి నుంచి దిగిపోవాల్సి వచ్చింది. అదే నెలలో అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య ఏడు టైటిళ్ళూ ఊడలాగేసింది. ఇవన్నీ అయ్యాక, 2013 జనవరిలో వచ్చి ఆ కుర్చీలో కూర్చున్నాడు. అప్పటికి దాచడానికి ఏం మిగిలింది గనక? దొరక్కముందు చెప్పిన నిజం వేరు, దొరికాక చెప్పింది వేరు. దొరికితే దొంగ, దొరక్కపోతే దొర అని ఊరికే అనలేదు మనవాళ్ళు. ఆలస్యం అయిపోయిందని ఆయనే ఆ ఇంటర్వ్యూ మొదట్లో అన్నాడు లెండి.

అయినా దొరికాక చెప్పినంత మాత్రాన పనికిరాదని కొట్టిపారేయను. డేవిడ్ మిల్లర్ అనే బ్రిటిష్ సైక్లిస్టు కూడా దొరికాకే చెప్పాడు. 2004లో ఫ్రెంచి పోలీసులు అతని ఇల్లు సోదా చేస్తే పుస్తకాల అరలో వాడేసిన సిరంజీలు కనబడ్డాయి. ఒప్పుకున్నాడు, రెండేళ్ళ నిషేధం అనుభవించాడు. తిరిగొచ్చాక తన కథని సిగ్గుపడకుండా కుర్రాళ్ళకి చెప్పాడు. ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ క్రీడాకారుల కమిటీలో పనిచేశాడు. కాబట్టి దొరికాడా లేదా అన్నదొక్కటే చూసి తీర్పు చెప్పేస్తే మిల్లర్ లాంటి వాళ్ళకి అన్యాయం చేసినట్టవుతుంది.

ఇప్పుడు చెప్పనివి. నా దృష్టిలో అసలు సంగతి ఇక్కడుంది, మీ అక్క గారికి సంబంధించింది కూడా ఇక్కడే ఉంది.

1996 అక్టోబరులో క్యాన్సర్ బయటపడ్డాక ఆర్మ్‌స్ట్రాంగ్ ఇండియానాపోలిస్‌లో ఒక ఆసుపత్రిలో ఉన్నాడు. సహచరుడు ఫ్రాంకీ ఆండ్రూ, అతను పెళ్ళి చేసుకోబోతున్న బెట్సీ చూడటానికి వెళ్ళారు. ఆ గదిలో డాక్టర్లు అడిగితే ఈపీఓ, గ్రోత్ హార్మోన్, స్టెరాయిడ్లు వాడానని ఆయన చెప్పడం తాము విన్నామని ఇద్దరూ తర్వాత ప్రమాణం చేసి సాక్ష్యం చెప్పారు. అది 2005లో, టూర్ గెలిచినందుకు ఆయనకి ఇవ్వాల్సిన బోనస్ డబ్బు కట్టనని ఒక బీమా కంపెనీ మొండికేసిన కేసులో. ఆయనా ప్రమాణం చేసి, అలాంటిదేమీ జరగలేదన్నాడు. అప్పటి నుంచి బెట్సీ ఆండ్రూ బతుకు ఎలా ఉండి ఉంటుందో ఊహించండి. ప్రపంచమంతా ఆరాధించే క్యాన్సర్ వీరుడి మీద అభాండం వేసిన ఆడమనిషి. పిచ్చిది, అసూయపరురాలు అని నలుగురిలో అనిపించుకుంది.

ఓప్రా సూటిగానే అడిగింది, ఆసుపత్రి గది గురించి బెట్సీ చెప్పింది నిజమేనా అని. దాని జోలికి వెళ్ళను అన్నాడు. ఏడు టైటిళ్ళ గురించి ఐదుసార్లు "అవును" అనగలిగిన మనిషికి, ఒక గృహిణి అబద్ధమాడలేదని చెప్పడానికి ఒక్క "అవును" దొరకలేదు. అది చాలదన్నట్టు, ఇంటర్వ్యూకి ముందు బెట్సీకి ఫోన్ చేసిన సంగతి చెబుతూ ఒక జోకు వేశాడు. "నిన్ను పిచ్చిదన్నాను, తిట్టాను, అవన్నీ నిజమే గానీ, లావుగా ఉన్నావని మాత్రం ఎప్పుడూ అనలేదు" అన్నానని. చిన్న నవ్వొకటి. ఆ నవ్వు దగ్గర నాకు ఆ క్షమాపణ సగం చచ్చిపోయింది. ఆ రాత్రే బెట్సీ టీవీలో మాట్లాడింది. కోపం, ఏడుపు కలగలిసిపోయి ఉన్నాయి. ఆ ఒక్క మాట నాకు బాకీ ఉన్నాడు, అదీ ఇవ్వలేకపోయాడు అన్నది ఆవిడ బాధ.

ఎమ్మా ఒరైలీది ఇంకో కథ. ఆర్మ్‌స్ట్రాంగ్ జట్టులో కండరాలకి మర్దనా చేసే ఉద్యోగం ఆమెది. 1999 టూర్‌లో ఆయన పరీక్షలో కార్టిజోన్ అనే స్టెరాయిడ్ బయటపడితే, పాత తేదీ వేసిన ప్రిస్క్రిప్షన్ పుట్టించి గండం గట్టెక్కారని ఆమె ఒక విలేఖరికి చెప్పింది. దానికి బదులుగా కోర్టు కేసు, తాగుబోతు అని, అంతకంటే నీచమైన ముద్ర. ఓప్రా అడిగింది, ఎమ్మా మీద కేసు వేశారా అని. జవాబు విన్నారు కదా? మేం చాలామంది మీద కేసులు వేశాం, వేసే ఉంటాం అని. నిషేధిత మందుల పేర్లన్నీ గుర్తున్నాయి, ఎవరి మీద కేసు వేశాడో గుర్తులేదు! ఇది విన్నప్పుడు మీకు ఒళ్ళు మండి ఉంటే, ఆ మంట సరైనదే, చల్లార్చుకోవాల్సిన పని లేదు.

ఎవరికి చెప్పాడన్న ప్రశ్న కూడా ఇక్కడే తేలిపోతుంది. ఆ రెండు రాత్రులు ఆయన మాట్లాడింది మీతోనూ నాతోనూ, అంటే ప్రేక్షకుడితో. మనం మోసపోయిన మాట నిజమే, కానీ మనకి పోయింది ఒక నమ్మకం. క్రిస్టోఫ్ బాసోన్స్‌కి పోయింది బతుకుతెరువు. మందులు ముట్టని ఫ్రెంచి రైడర్ అతను. 1999 టూర్ నడుస్తుండగానే పెలటాన్‌లో, అంటే రైడర్ల గుంపులో, ఏం జరుగుతోందో పత్రికకి రాసేవాడు. ఆర్మ్‌స్ట్రాంగ్ సైకిల్ పక్కకి తెచ్చి, ఇలా మాట్లాడితే వెళ్ళిపో అన్నాడు. ఎవరూ పలకరించని పరిస్థితిలో బాసోన్స్ ఆ టూర్ మధ్యలోనే వదిలేశాడు, రెండేళ్ళకి ఆటే మానేశాడు. 2004లో ఇటలీ రైడర్ ఫిలిప్పో సిమియోని ముందుకు దూసుకెళ్తే, అతని వల్ల టైటిల్‌కి ఏ ప్రమాదమూ లేకపోయినా ముందంజలో ఉన్నవాడికి ఇచ్చే పసుపు జెర్సీలో ఉన్న ఆర్మ్‌స్ట్రాంగ్ స్వయంగా వెంటాడి పట్టుకున్నాడు. తిరిగొస్తూ పెదాలకి జిప్ లాగినట్టు కెమెరా ముందు సైగ చేశాడు. సిమియోని చేసిన పాపం, ఆర్మ్‌స్ట్రాంగ్‌కి సలహాలిచ్చే డాక్టర్ మీద సాక్ష్యం చెప్పడం. మందులు వాడిన వాళ్ళు ఆ రోజుల్లో కోకొల్లలు. అందరూ వాడుతున్నప్పుడు అది మోసం అనిపించలేదని ఆయన ఓప్రాతో కూడా అన్నాడు. సరే, మందుల వరకు ఆ వాదన ఎంతో కొంత నిలబడుతుందనే అనుకుందాం. నోళ్ళు మూయించడం కూడా అందరూ చేశారా?

ఇంకో రెండు సంగతులు క్లుప్తంగా చెప్పి వదిలేస్తాను. 2009లో తిరిగొచ్చి మూడో స్థానంలో నిలిచినప్పుడు మాత్రం మందులు వాడలేదని ఆ ఇంటర్వ్యూలో గట్టిగా అన్నాడు. ఆ రక్త పరీక్షల ఫలితాలు సహజంగా అలా ఉండే అవకాశం పది లక్షల్లో ఒకటి కూడా లేదని యుసాడా నివేదిక అంటోంది. రెండోది, మిగతావాళ్ళకి ఆరు నెలల నిషేధం, తనకి మరణశిక్ష అని వాపోయాడు. క్షమాపణ చెప్పడానికి వచ్చినవాడు శిక్ష గురించి బేరమాడకూడదు. 2000లో మ్యాచ్ ఫిక్సింగ్‌లో దొరికిన దక్షిణాఫ్రికా క్రికెట్ కెప్టెన్ హాన్సీ క్రోన్యే సాతాను తనని లొంగదీసుకుందన్నట్టు మాట్లాడినప్పుడు కూడా నాకు ఇదే చిరాకు. చేసింది ఎవరు, మధ్యలో సాతాను దేనికి?

అందుకని మీ మొదటి ప్రశ్నకి నా జవాబు ఇది. ఒప్పుకోలు చాలావరకు నిజం. క్షమాపణ మాత్రం ఆ రెండు రాత్రుల్లో సగం కూడా పూర్తి కాలేదు. యుసాడా అయితే, వచ్చి ప్రమాణం చేసి అన్నీ చెప్పమని గడువిచ్చింది. వెళ్ళలేదు. టీవీలో చెప్పినదానికీ ప్రమాణం చేసి చెప్పేదానికీ తేడా లాయర్లకి బాగా తెలుసు.

అయితే కథ 2013 జనవరి దగ్గర ఆగలేదు, మీరు మాత్రం అక్కడే ఆగిపోయారనిపిస్తోంది. అదే ఏడాది చివర్లో ఎమ్మా ఒరైలీని ఎదురుగా కూర్చుని కలిశాడు. బాసోన్స్‌నీ కలిశాడు. రెండూ పత్రికలు ఏర్పాటు చేసిన భేటీలే, అందులో ప్రచారం ఉంది, కాదనను. అయినా ముఖాముఖి కూర్చుని తల వంచడం కెమెరాలో కోట్లమందికి సారీ చెప్పినంత తేలిక కాదు. 2015లో ఆ బీమా కంపెనీకి కోటి డాలర్లు కట్టాలని మధ్యవర్తుల తీర్పు వచ్చింది. 2018లో అమెరికా ప్రభుత్వం వేసిన కేసుని 50 లక్షల డాలర్లకి రాజీ చేసుకున్నాడు. అవి ఇష్టపడి కట్టిన డబ్బులు కావు గనక క్షమాపణ ఖాతాలో వేయను. మళ్ళీ 2015లో బీబీసీ అడిగితే, ఇప్పుడైతే చేయను గానీ 1995కి తీసుకెళ్తే బహుశా మళ్ళీ అదే చేస్తాను అన్నాడు. చాలామంది దీన్ని పట్టుకుని తిట్టిపోశారు. నాకు మాత్రం ఓప్రా దగ్గర చెప్పిన చాలా మాటల కంటే ఇదే నిజాయితీగా అనిపించింది. మనల్ని మెప్పించడానికి చెప్పేవాడెవడూ ఆ మాట చెప్పడు.

ఇక అక్క సంగతి. నచ్చజెప్పడం అనే ఆలోచన ముందు మానుకోండి. మీరిద్దరూ వాదిస్తున్నది ఒకే మనిషి గురించి కాదు. మీకు ఆర్మ్‌స్ట్రాంగ్ అంటే పసుపు జెర్సీ, పారిస్ వీధుల్లో విజయ వేదిక. 2005లో అదే వేదిక మీద నిలబడి, అద్భుతాలని నమ్మని వాళ్ళని చూసి జాలిపడుతున్నానన్నాడు. అది విని మీరు చప్పట్లు కొట్టి ఉంటారు, ఇప్పుడు తలుచుకుంటే మండుతుంది. ఆవిడకి ఆర్మ్‌స్ట్రాంగ్ అంటే గుండు చేయించుకుని ఆసుపత్రి మంచం మీద పడుకున్న పాతికేళ్ళ కుర్రాడు. క్యాన్సర్ ఊపిరితిత్తులకీ మెదడుకీ పాకింది. మామూలుగా ఇచ్చే కీమోలో ఒక మందు ఊపిరితిత్తుల్ని దెబ్బతీసే ప్రమాదం ఉందని, దాని బదులు ఇంకా కఠినమైన మందుల కలయిక ఎంచుకున్నాడు. మళ్ళీ సైకిల్ తొక్కుతానో లేదో తెలియకుండానే ఆ బాధ భరించాడు. ఇందులో ఒక్క అబద్ధం లేదు. ఏ సమాఖ్యా ఇది ఊడలాగేసుకోలేదు. కీమో వార్డులో మీ అక్కకి పనికొచ్చింది ఈ భాగం. కొండలెక్కడం ఆవిడకేం పనికొచ్చింది చెప్పండి?

కాబట్టి "నిన్ను కూడా మోసం చేశాడు అక్కా" అని ఆవిడతో అనకండి. ఆ ధైర్యం ఆవిడది. అరువిచ్చినవాడు దివాలా తీశాడని చెప్పి, ఆవిడ ఎప్పుడో ఖర్చుపెట్టి బతికిన డబ్బుని దొంగనోట్లు అనడం లాంటిది అది. పైగా ఒక సంగతి మీరు గమనించలేదేమో. ఆవిడ "క్షమించాను" అనలేదు. "ఒప్పుకున్నాడు కదా, ఇంకా ఏం కావాలి నీకు?" అంది. అది మిమ్మల్ని అడిగిన ప్రశ్న. మీ ఉత్తరంలో ఆ ప్రశ్నకి జవాబు లేదు. నాకైతే ఇంకో అనుమానం కూడా ఉంది. ఆ కథని ఆవిడకి మోసుకెళ్ళింది మీరు, బ్యాండ్ తొడిగింది మీరు. అది కంటపడగానే వచ్చే కోపంలో ఆయన మీద ఎంత, అబద్ధాన్ని అక్క చేతికి కట్టానే అని మీ మీద మీకు ఎంత? ఒకసారి చూసుకోండి. అదే నిజమైతే ఆర్మ్‌స్ట్రాంగ్ గురించి వాదించడం మానేసి, ఆ మాటే అక్కతో చెప్పండి. ఆవిడ నవ్వేస్తుందని నా నమ్మకం. బ్యాండ్ మాత్రం ముట్టుకోకండి, అది ఆవిడ వస్తువు.

ఒకవేళ ఆవిడకి ఆ ఆసుపత్రి గది సంగతి, బెట్సీ సంగతి తెలియకపోతే? తనంతట తాను అడిగితే చెప్పండి, దాచొద్దు. వాదనలో నెగ్గడానికి మాత్రం వాడకండి.

మూడో ప్రశ్నకి వస్తే, చూడొచ్చు. 1999 నుంచి 2005 దాకా టూర్ విజేతల జాబితాలో ఎవరి పేరూ లేదు. ఆర్మ్‌స్ట్రాంగ్ పేరు తీసేశాక రెండో స్థానంలో ఉన్నవాళ్ళని పైకి జరపలేదు. ఆ పోడియంల మీద నిలబడ్డ చాలామంది చేతులూ శుభ్రంగా లేవు గనక ఖాళీగానే వదిలేశారు. 2008 నుంచి బయోలాజికల్ పాస్‌పోర్ట్ వచ్చింది. మందు దొరికిందా లేదా అని మాత్రమే కాకుండా, ఒక్కో రైడర్ రక్తం ఏళ్ళ తరబడి ఎలా మారుతోందో గమనిస్తారు. దొంగలు పూర్తిగా పోయారని నేను హామీ ఇవ్వను. జులైలో కొండదారి స్టేజ్ ఒకటి పెట్టుకుని చూడండి. గెలిచేవాడిని కాసేపు వదిలేసి, చివరి గుంపులో టైమ్ లిమిట్ దాటిపోకుండా తంటాలు పడుతూ ఎక్కేవాళ్ళని చూడండి. కుదిరితే అక్కని కూడా పిలవండి.